దారి తెలియనివాడి కాగితం: ఏలూరు మెట్ట బాటల నుంచి పరదేశపు రోడ్ల దాకా

పీఠిక

ఏలూరు బస్టాండులో కామవరపుకోట బస్సు ఎక్కే ప్రయాణికుడి చేతిలో పటం ఉండదు. తడికలపూడి ఎప్పుడొస్తుందో, గుంటుపల్లి గుహలకు ఎక్కడ దిగి మారాలో అతనికి తెలిసే ఉంటుంది. తెలియకపోతే పక్క సీటువారిని అడుగుతాడు. అదే ఊరి మనిషి అమెరికాలోనో కువైట్‌లోనో స్టీరింగు ముందు కూర్చున్నప్పుడు పరిస్థితి వేరు. ఆపి అడుగుదామంటే రోడ్డు మీద మనిషి కనిపించడు. కనిపించినా ఇతని ఉచ్చారణ అతనికి అర్థం కాదు. సెల్‌ఫోన్ దారి చెప్పడం మొదలుపెట్టక ముందు, అంటే సుమారు 2005 దాకా, అలాంటి చోట అక్కరకొచ్చింది మడత విప్పి ఒళ్లో పరుచుకునే కాగితం పటమే.

చరిత్ర పాఠ్యపుస్తకాల్లో పటం సాధారణంగా రాజ్యాల హద్దులు చూపే బొమ్మ. ఈ పాఠంలో దాన్ని దారి తెలియనివాడి చేతి కాగితంగా చూస్తాం. అలా చూసినప్పుడు ఆ కాగితాన్ని ఎవరు గీశారు, ఎవరి నోటి మాట విని గీశారు, ఎవరిని చూడనిచ్చారు, గీత పడని బాటల గతి ఏమయింది అనే ప్రశ్నలు వస్తాయి. ఈ ప్రశ్నలకు ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతం చాలా సామగ్రిని అందిస్తుంది. అక్కడి నుంచే మొదలుపెట్టి పరదేశపు రోడ్ల మీదికి వెళదాం.

మజిలీల లెక్క

పటాలు రాక ముందు దారి అంటే ఒక జాబితా. ఫలానా ఊరి నుంచి ఫలానా ఊరికి ఇన్ని కోసులు, మధ్యలో ఏరు ఉంది, సత్రం ఉంది, నీళ్లు మంచివి. కోసు సుమారు రెండు మైళ్లు. ఆమడ సుమారు ఎనిమిది మైళ్లు. ఈ కొలతలు ఊరు మారితే మారేవి. అయినా వాటితో పని జరిగింది. ఎందుకంటే బాటసారికి కావలసింది ఖచ్చితమైన దూరం కాదు, చీకటి పడేలోగా చేరతామా లేదా అన్నదే.

మన తెలుగులో ఈ పద్ధతికి గొప్ప నమూనా ఏనుగుల వీరాస్వామయ్య రాసిన కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటరుగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి, హైదరాబాదు మీదుగా కాశీ వెళ్లి, గయ, కలకత్తా చూసి, తూర్పు తీరం వెంట ఉత్తర సర్కారుల మీదుగా 1831 సెప్టెంబరు 3న మద్రాసు తిరిగి చేరారు. ఆ పుస్తకంలో పటం లేదు. కానీ ప్రతి మజిలీకి దూరం, బాట గట్టిదా బురదదా, అంగళ్లు ఉన్నాయా, బోయీలు దొరుకుతారా అన్న వివరాలున్నాయి. తన తరవాత వెళ్లేవారికి పనికిరావాలన్న ఉద్దేశం అడుగడుగునా కనిపిస్తుంది. పుస్తకం 1838లో అచ్చయింది. దాన్ని సాహిత్య చరిత్రకారులు యాత్రాకథనంగా చదువుతారు. మనం దారి పుస్తకంగా కూడా చదవవచ్చు.

అంతకు ముందే విదేశీయులు మన దారుల జాబితాలు రాసుకున్నారు. ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్ 1676లో ప్రచురించిన యాత్రాగ్రంథంలో గోల్కొండ నుంచి మచిలీపట్నం దారిని మజిలీల వారీగా ఇచ్చాడు. 1679లో మద్రాసు నుంచి మచిలీపట్నం వైపు వచ్చిన ఇంగ్లీషు కంపెనీ గవర్నరు స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ తన దినచర్యలో ఏలూరు తివాచీల ప్రస్తావన చేశాడు. వీళ్లెవరి దగ్గరా మన లోపలి బాటల పటం లేదు. దుబాసీ ఉన్నాడు, దారి చూపే మనిషి ఉన్నాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి. తరవాతి భాగానికి ఇదే మూలం.

ఏలూరు అన్నదమ్ములు

కంపెనీ పాలన వచ్చాక దారి జాబితాలు సరిపోలేదు. సైన్యం కదలాలి, శిస్తు రావాలి, ఏటి నీళ్లు మళ్లించాలి. మైకేల్ టాపింగ్ అనే సర్వేయరు మచిలీపట్నం నుంచి తీరం వెంట కొలుస్తూ పోయాడు. ఆ తరవాత కృష్ణా, గోదావరి నదుల మధ్య ప్రాంతంలో పనిచేశాడు. 1794లో మద్రాసులో సర్వే పాఠశాల స్థాపనకు కారకుడైన ఆయన 1796లో మచిలీపట్నంలోనే మరణించాడు. ఆ పాఠశాలే కాలక్రమంలో గిండీ ఇంజనీరింగు కళాశాల అయింది. 1802 ఏప్రిల్‌లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద ఆధార రేఖ కొలిచి మహా త్రికోణమితి సర్వేకు నాంది పలికాడు. ఇవన్నీ మీరు ఇతర పాఠాల్లో చదివినవే కాబట్టి వివరాల్లోకి వెళ్లడం లేదు.

వాటిలో తక్కువగా చెప్పే విషయం కావలి సోదరులది. కావలి వెంకట బొర్రయ్య, వెంకట లక్ష్మయ్య, వెంకట రామస్వామి ఏలూరువారు, నియోగి బ్రాహ్మణులు. 1790లలో కాలిన్ మెకంజీ అనే స్కాట్లండు సైనిక ఇంజనీరు దగ్గర బొర్రయ్య చేరాడు. మెకంజీకి దేశభాషలు రావు. కొలత పరికరాలు కొండ ఎత్తును చెప్పగలవు కానీ దాని పేరు చెప్పలేవు. ఊరి మధ్య దూరం చెప్పగలవు కానీ ఆ ఊరు ఎవరి ఇనాం, ఆ బాట ఏ కాలంలో మునుగుతుంది, ఆ శాసనంలో ఏముంది అన్నవి చెప్పలేవు. ఆ పనులకు మనుషులు కావాలి. బొర్రయ్య ఊరూరా తిరిగి కరణాలతో, పూజారులతో, పెద్దలతో మాట్లాడి కైఫీయతులు సేకరించే పద్ధతిని రూపొందించాడు, పాత శాసనాలు చదివాడు. ముప్పై ఏళ్లు నిండకుండానే 1803లో మరణించాడు. ఈ దేశపు విజ్ఞానంలోకి తనకు వాకిలి తెరిచింది ఆయనే అన్న భావాన్ని మెకంజీ తరవాత ఒక ఉత్తరంలో రాశాడు.

అన్న పనిని లక్ష్మయ్య అందుకున్నాడు. మెకంజీ 1810లో మద్రాసు సర్వేయరు జనరల్, 1815లో భారతదేశానికంతటికీ సర్వేయరు జనరల్ అయ్యాడు. 1816లో థామస్ హికీ గీసిన మెకంజీ తైలవర్ణ చిత్రంలో ఎర్రకోటు దొర పక్కన ముగ్గురు భారతీయులు నిలబడి ఉంటారు. వారిలో ఒకరు లక్ష్మయ్య అని పండితులు గుర్తించారు. 1821లో మెకంజీ చనిపోయాక ఆ సేకరణను కొనసాగించే బాధ్యత తనకివ్వమని లక్ష్మయ్య కోరాడు. 1836లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ ఆ కోరికను తిరస్కరించింది. లక్ష్మయ్యకే కాదు, ఏ దేశీయుడికీ అంతటి పని చేసే శక్తి ఉండదన్న అభిప్రాయాన్ని సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ వెలిబుచ్చాడు. నాలుగు దశాబ్దాల పాటు ఆ పనిని చేసి చూపించిన కుటుంబం గురించి వచ్చిన తీర్పు ఇది. వలసపాలనలో విజ్ఞానం ఎవరి పేరు మీద జమ అయ్యేదో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ వెతకనక్కర్లేదు.

మూడో సోదరుడు రామస్వామి కథ మన అంశానికి ఇంకా దగ్గరిది. 1828లో ఆయన కలకత్తాలో దక్కనులోని పట్టణాలు, ప్రదేశాల గురించి ఇంగ్లీషులో ఒక పుస్తకం ప్రచురించాడు. ప్రాచీన దక్కను పటం చూసేవారికి సహాయగ్రంథంగా ఉండాలని దీన్ని రాస్తున్నట్టు పుస్తకం పేరులోనే చెప్పుకున్నాడు. అంటే ఏలూరు మనిషి ఒకడు, దాదాపు రెండు శతాబ్దాల కిందట, పటం చూసేవాడికి పటం చెప్పలేనిది చెప్పడానికి కలం పట్టాడు. మరుసటి ఏడు వచ్చిన ఆయన దక్కను కవుల చరిత్ర సాహిత్య విద్యార్థులకు బాగా తెలుసు. ఈ పుస్తకానికి మాత్రం అంత పేరు రాలేదు.

పటం మీది పేర్ల గురించి ఒక మాట. చెప్పేవారు తెలుగులో చెప్పారు, రాసేవారు ఇంగ్లీషు లిపిలో రాశారు. ఏలూరు 'ఎల్లోర్' అయింది, కాకినాడ 'కొకనాడ' అయింది, విజయవాడ 'బెజవాడ'గా స్థిరపడింది. పరాయివాడు ఆ కాగితం చూసి చదివిన పేరు ఊరివాడికి అర్థం కాకపోతే, పటం ఉండి కూడా దారి తెలియదు.

నాలుగు షీట్ల దారి

ఇప్పుడు సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్లను చూద్దాం. తొలుత ఇవి మైలుకు అంగుళం స్కేలులో ఉండేవి; మెట్రిక్ కొలతలు వచ్చాక 1:50,000 అయ్యాయి, అంటే కాగితం మీద 2 సెంటీమీటర్లు నేల మీద 1 కిలోమీటరు. ఒక్కో షీటు 15 నిమిషాల అక్షాంశం, 15 నిమిషాల రేఖాంశం మేర ఉంటుంది. సంఖ్యల పద్ధతి ఇలా ఉంటుంది: 65 అనేది నాలుగు డిగ్రీల పెద్ద చదరం, అందులో ఒక డిగ్రీ చదరాలకు అక్షరాలు, ఒక్కో అక్షరం కింద 16 షీట్లు, పై నుంచి కిందికి లెక్క.

ఏలూరు 65 హెచ్/2 లో పడుతుంది. తడికలపూడి వైపు పోతే 65 హెచ్/1. కామవరపుకోట 17 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి దాదాపు ఆనుకుని ఉంది కాబట్టి అక్కడికి వచ్చేసరికి కాగితం అయిపోతుంది. ఉత్తరాన 65 జి/4 మొదలవుతుంది. గుంటుపల్లి గుహలు ఆ షీటులో ఉన్నాయి. జంగారెడ్డిగూడెం చేరాలంటే దాని పక్కది, 65 జి/8, కావాలి. బస్సులో రెండు గంటలు పట్టని దారికి నాలుగు షీట్లు! పైగా అంచుల దగ్గర ఇబ్బంది. పక్క పక్క షీట్లు వేర్వేరు సంవత్సరాల్లో సర్వే చేసి ఉంటే, ఒకదానిలో తారు రోడ్డుగా వచ్చిన గీత రెండో దానిలో బండిబాటగా మొదలు కావచ్చు.

షీటు చదవడం ఒక విద్య. ఎర్ర గీతలు రోడ్లు. పూర్తి గీత పక్కా రోడ్డు, తెగిన గీత కచ్చా రోడ్డు, చుక్కలు కాలిబాట. నీలం రంగు నీళ్లు. కానీ మెట్ట ప్రాంతంలో వాగులు చాలావరకు నల్ల గీతలుగా ఉంటాయి; ఏడాదిలో ఎక్కువ భాగం ఎండి ఉంటాయని దానర్థం. తమ్మిలేరు, ఎర్రకాలువ లాంటి ఏళ్ల ఉపవాగులు ఎండాకాలంలో ఇసుక. వానాకాలంలో ఒక్క రాత్రిలో కారును ఆపగలవు. నల్ల గీతను ఎర్ర గీత దాటే చోట వంతెన గుర్తు లేకపోతే జూలైలో ఆ దారిన వెళ్లకపోవడం మంచిది. ఇది పటం మాటల్లో చెప్పదు, రంగులో చెబుతుంది.

టోపో షీటు లేని పరిశోధకులు ఏం చేశారు? రాబర్ట్ సీవెల్ 1882లో మద్రాసు రాజధానిలోని పురావస్తువుల జాబితా ప్రచురించినప్పుడు ఒక్కో ఊరికి తాలూకా కేంద్రం నుంచి దిక్కు, మైళ్లు ఇచ్చాడు. వీరాస్వామయ్య కోసుల లెక్కకు ఇది ఇంగ్లీషు రూపం. గుంటుపల్లి బౌద్ధ గుహల దగ్గరికి తొలి తరం పురావస్తు అధికారులు ఇలాంటి లెక్కలతోనే చేరారు. మీరు పాత గ్రంథాల్లో ఏలూరు తాలూకా ఊళ్లను వెతికేటప్పుడు జిల్లా పేరు మోసం చేస్తుంది: 1904 వరకు గోదావరి జిల్లా, 1904 నుంచి కృష్ణా, 1925 నుంచి పశ్చిమ గోదావరి, 2022 ఏప్రిల్ నుంచి ఏలూరు జిల్లా. ఊరు కదల్లేదు, పటం మీది రంగు మారింది.

ఈ షీట్లు మామూలు జనానికి దొరికేవా? 1967లో రక్షణ శాఖ విధించిన ఆంక్షల ప్రకారం తీరం నుంచి, సరిహద్దుల నుంచి సుమారు 80 కిలోమీటర్ల మేర వివరమైన పటాలు నియంత్రిత పత్రాలయ్యాయి. కొల్లేరు, ఏలూరు, తాడేపల్లిగూడెం అన్నీ ఆ పట్టీలోకే వస్తాయి. తన ఊరి టోపో షీటు చూడాలంటే పౌరుడు అనుమతి కోరాలి. 2005 జాతీయ పట విధానం రక్షణ అవసరాలకు వేరు, ప్రజలకు వేరు అని రెండు శ్రేణులు ఏర్పరిచింది. 2021 ఫిబ్రవరి మార్గదర్శకాలతో ఆంక్షలు చాలావరకు సడలాయి. మన దేశంలో కారు నడిపేవారికి పటం చూసే అలవాటు ఎందుకు రాలేదన్న ప్రశ్నకు సగం జవాబు ఈ చట్టాల్లో ఉంది. మిగతా సగం, అడిగితే చెప్పే మనుషులు ప్రతి టీకొట్టు దగ్గరా ఉండటమే.

పుంత ఎవరిది?

టోపో షీటు కంటే రైతుకు దగ్గరి కాగితం గ్రామ నక్షా. మద్రాసు రాజధానిలో 1858లో ఏర్పడిన సర్వే శాఖ ఊరూరా గొలుసు పట్టి కొలిచింది. గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు, 80 గొలుసులు ఒక మైలు. మైలుకు 16 అంగుళాల స్కేలులో గీసిన గ్రామ పటంలో ప్రతి సర్వే నంబరూ, చెరువూ, రాయీ కనిపిస్తాయి. పుంతలు కూడా.

గోదావరి జిల్లాల్లో పుంత అంటే పొలాల మధ్య బండ్లు పోయే బాట. గుంటూరు వైపు డొంక అంటారు. ఇది ప్రభుత్వ పోరంబోకు. అంటే ఎవరి పట్టా కాదు, అందరి నడక. ఇరుపక్కల రైతులూ ఏటా ఒక చాలు లోపలికి దున్నితే పాతికేళ్లలో బండి పోయే పుంత సైకిలు పోయే గట్టు అవుతుంది. లోపలి చేలవాడు ధాన్యం బయటికి తెచ్చుకోలేక పక్కవాడి దయ కోరాలి. అది తగువు, తరవాత కేసు. అక్కడ నడిచిన జ్ఞాపకం ఉన్న ముసలివాళ్లు పోయాక మిగిలే సాక్షి నక్షా మీది జంట గీత ఒక్కటే. చిన్న కమతాల రైతుకు ఆ గీత ఎంత విలువైనదో పట్టణంలో ఉండి ఊహించడం కష్టం. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం కింద నేటికీ ఆ రికార్డులే కోర్టుకు వెళుతున్నాయి. 2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాల ద్వారా కొలతలు వచ్చాయి. అయినా పుంత హద్దు మీద తగువు వచ్చినప్పుడు మళ్లీ పాత గ్రామ పటాన్నే తెరుస్తారు.

ఇలాంటి చిన్న బాటలకు పటం మరో విధంగానూ ప్రాణం పోస్తుంది. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మైదాన ప్రాంతాల్లో 500, గిరిజన, కొండ ప్రాంతాల్లో 250 జనాభా దాటిన ఆవాసాలకు రోడ్డు వేయాలన్నారు. ముందుగా ప్రతి జిల్లాకూ ప్రధాన రోడ్ల అల్లిక పటం తయారయింది. ఆ పటంలో గీత పడిన బాటకే నిధులు. రోడ్డు ఉంటే పటంలోకి ఎక్కడం పాత పద్ధతి; పటంలోకి ఎక్కితే రోడ్డు పడటం ఇది.

అభ్యాసం: మీ గ్రామ సచివాలయంలో సర్వేయరును కలిసి మీ ఊరి గ్రామ పటం చూపమని అడగండి. ఇప్పుడు మీరు నడిచే బాటల్లో ఎన్ని అందులో ఉన్నాయో, అందులో ఉన్న పుంతల్లో ఎన్ని ఇప్పుడు నడవగలరో రాసుకోండి. రెండు జాబితాలూ సమానంగా ఉండటం అరుదు.

కొల్లేటి గీత

కొల్లేరులో చిక్కు వేరు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏళ్లు తెచ్చిన నీటిని ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోతుంది. ఏడాదికొక్క తీరుగా పెరిగి తగ్గే ఆ నీటికి గట్టు ఎక్కడ అని గీయాలి? సర్వే బృందాలు పనిచేసేది వానలు తగ్గాకే. ఆ కాలంలో ఎండిన నేల ఆగస్టులో నీరు. లంక గ్రామాల మధ్య పటం చూపే బాట కొన్ని నెలలు పడవ దారి.

1999లో ప్రభుత్వం కొల్లేటిని ప్లస్ 5 అడుగుల కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర, వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అది రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేల అయింది. 2006లో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లను తొలగించారు; 2008లో హద్దును ప్లస్ 3కు తగ్గించాలని శాసనసభ తీర్మానించింది. మామూలు 1:50,000 షీటులో కాంటూర్ల మధ్య తేడా 10 లేక 20 మీటర్లు. 5 అడుగులంటే మీటరున్నర. అంటే వేల కుటుంబాల బతుకును నిర్ణయించిన గీత మామూలు టోపో షీటులో అసలు కనిపించదు. ఎత్తు కొలిచే పరికరం తెచ్చి, నేల మీద రాళ్లు పాతితే తప్ప ఊరివాడికి తాను గీతకు ఏ వైపు ఉన్నాడో తెలియదు.

పరదేశపు రోడ్డు మీద

ఇక విదేశాల సంగతి. దారి పటం చరిత్రలో తొలి మైలురాయి ఇంగ్లండులో జాన్ ఓగిల్బీ 1675లో ప్రచురించిన బ్రిటానియా. నూరు పలకల మీద రోడ్లను పొడవాటి పట్టీలుగా, మైలుకు అంగుళం స్కేలులో గీయించాడు. చక్రం దొర్లిస్తూ దూరం కొలిచారు. మన దేశంలో కంపెనీ సర్వేయర్లు దారి కొలవడానికి వాడిన పెరాంబులేటరు అదే జాతి పరికరం. పట్టీ పటంలో దేశం కనిపించదు, దారి మాత్రమే కనిపిస్తుంది. వీరాస్వామయ్య మజిలీల జాబితాకు బొమ్మ గీస్తే ఇలాగే ఉంటుంది.

మోటారు కారు వచ్చాక పటం గీసే పని సైన్యం చేతి నుంచి టైర్లు, పెట్రోలు అమ్మేవారి చేతికి కూడా వచ్చింది. ఫ్రాన్సులో మిషెలిన్ టైర్ల కంపెనీ 1910లో 1:200,000 స్కేలులో రోడ్డు పటాలు మొదలుపెట్టింది. జనం ఎంత తిరిగితే టైర్లు అంత అరుగుతాయి కదా! అమెరికాలో 1913 ప్రాంతంలో గల్ఫ్ కంపెనీ పిట్స్‌బర్గ్‌లో ఉచిత పటాలు పంచింది, తక్కిన కంపెనీలూ అందుకున్నాయి. 1924లో రాండ్ మెక్‌నాలీ రోడ్డు అట్లాసు వచ్చింది. 1926లో జాతీయ రహదారులకు సంఖ్యలు పెట్టారు. మన దగ్గర పటం రక్షణ రహస్యమైన 1967లో అక్కడ అది పెట్రోలు బంకు కౌంటరు మీద ఊరకే దొరికే కాగితం. ఈ తేడాను గమనించండి.

1965 వలస చట్టం తరవాత అమెరికా వెళ్లిన తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు దిగిన లోకం అది. వారిలో చాలామందికి ఇక్కడ సొంత కారు లేదు. అక్కడ ఎడమకు బదులు కుడి పక్కన నడపడం, దారి అడక్కుండా చదవడం రెండూ ఒకేసారి నేర్చుకోవలసి వచ్చింది. సంఖ్యల తర్కం తెలిస్తే సగం భయం పోతుంది. అంతర్రాష్ట్ర రహదారుల్లో బేసి సంఖ్య ఉత్తర దక్షిణాలు, సరి సంఖ్య తూర్పు పడమరలు. పడమటి తీరాన 5, తూర్పు తీరాన 95. దక్షిణాన 10, ఉత్తరాన 90. మన దేశంలో 2010లో జాతీయ రహదారుల సంఖ్యలు మార్చినప్పుడు తీసుకున్న పద్ధతి దీనికి తలకిందులు: సరి సంఖ్యలు ఉత్తర దక్షిణాలు, బేసి సంఖ్యలు తూర్పు పడమరలు. ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా పోయే పాత 5వ నంబరు రోడ్డు అప్పుడే 16 అయింది. ఆ మార్పుతో పాత రోడ్డు పటాలన్నీ ఒక్కసారిగా పాతబడ్డాయి.

పెద్ద రోడ్డు మీద అంకెలు కాపాడతాయి. కష్టం చిన్న రోడ్ల మీద. ఉద్యోగం ఊరి బయట ఆస్పత్రిలో వస్తే, మరో తెలుగు కుటుంబం నూరు మైళ్ల అవతల పండుగకు పిలిస్తే, రహదారి దిగాక సన్నని గీతల్లోకి వెళ్లాలి. అక్కడ జిల్లా రోడ్డుకు ఒక పేరు, అదే రోడ్డుకు పక్క జిల్లాలో మరో పేరు. రాత్రి వేళ పలక కనిపించదు. దారి ఫోనులో చెబితే రాసుకున్న చీటీ ఒక చేత, అట్లాసు ఒళ్లో, పక్క సీటులో కూర్చున్నవారు పటం చదివేవారు. వెళ్లే దిక్కుకు పటాన్ని తిప్పి పట్టుకోవాలా, ఉత్తరం పైకే ఉంచాలా అన్నది ఇంటింటి వివాదం! ఊళ్లో 'చెరువుకు తూర్పున, రామాలయానికి ఉత్తరాన' అని దిక్కులతో మాట్లాడే అలవాటున్నవారికి ఉత్తరం పైకి ఉన్న పటం సులువుగా ఒంటబట్టి ఉంటుందని నా ఊహ.

పేర్ల చిక్కు ఇక్కడ ఎదురు తిరిగింది. 'ఎల్లోర్' అని రాసిన దొర ఏలూరులో పడిన తిప్పలే తెలుగువారు అక్కడ పడ్డారు. పటంలో అక్షరాలను బట్టి 'ఆర్కన్సాస్' అంటే అక్కడివారు 'ఆర్కన్సా' అంటారు. 'ఇల్లినాయిస్' అన్నది 'ఇలినాయ్'. మసాచుసెట్స్‌లో 'వోర్సెస్టర్' అని చదివిన ఊరు 'వూస్టర్'. అడిగే పేరు, చదివే పేరు ఒకటి కాకపోతే చేతిలో కాగితం ఉన్నా వేలితో చూపించి అడగడమే దారి.

గల్ఫు వెళ్లినవారి అనుభవం చరిత్రలో ఇంకా తక్కువగా నమోదైంది. గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు వెళ్లినవారిలో ఇళ్లలో డ్రైవర్లుగా పనిచేసేవారు గణనీయంగా ఉన్నారు. అక్కడ చిరునామా అంటే ప్రాంతం, బ్లాకు, వీధి, ఇంటి సంఖ్య. రావిచెట్టు, మలుపు లేవు, అంకెలే. అరబిక్ లిపి రాని డ్రైవరు ముందు ఆ అంకెలు నేర్చుకుంటాడు, తరవాత యజమాని పిల్లల బడి, ఆస్పత్రి, విమానాశ్రయం మధ్య నోటి లెక్కతో తన సొంత పటం కట్టుకుంటాడు. దారి తప్పితే ఆలస్యం, ఆలస్యమైతే మాట పడాలి. అట్లాసులో వెతుక్కునే తీరిక డాక్టరు కుటుంబానికి ఉన్నట్టు అతనికి లేదు. తెలుగు వలసల చరిత్ర రాసేవారు ఈ డ్రైవర్ల మౌఖిక కథనాలను సేకరించడం మొదలుపెట్టాలి. ఆ తరం ఇప్పుడు తిరిగొచ్చి ఊళ్లలోనే ఉంది. మీలో కొందరికి అది మీ ఇంట్లోనే దొరికే ఆధారం.

2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలిపే తప్పును తీసేసింది. పౌరుల పరికరాలకు హఠాత్తుగా ఖచ్చితత్వం వచ్చింది. అంతకు ముందే 1996 నుంచి మ్యాప్‌క్వెస్ట్ ఇచ్చే దారి వివరాలను అచ్చు తీసుకుని సీటు మీద పెట్టుకునేవారు. అది మళ్లీ మజిలీల జాబితాయే, మలుపుల మధ్య దూరం కోసుల్లో కాకుండా మైళ్లలో. 2005లో గూగుల్ మ్యాప్స్, కొన్నేళ్లలో ఫోనులో మాట్లాడే దారి వచ్చాయి.

మన టోపో షీట్లలో ప్రజల శ్రేణికి చెందినవాటిని 2017 నుంచి సర్వే ఆఫ్ ఇండియా వెబ్‌సైటు నుంచి ఉచితంగా దించుకోవచ్చు. పాత 65 హెచ్, 65 జి సంఖ్యల స్థానంలో ఇ44తో మొదలయ్యే కొత్త సంఖ్యలు వచ్చాయి. షీటు కొలత మాత్రం అదే 15 నిమిషాలు. నాలుగు షీట్లు అచ్చు తీసి అంచులు కత్తిరించి అతికిస్తే ఏలూరు నుంచి జంగారెడ్డిగూడెం దాకా దారి ఒక బల్ల మీద పడుతుంది. అతుకు ఇప్పటికీ కామవరపుకోట దగ్గరే వస్తుంది.